బాయి పని మానినా దుమ్ము మానదు

కోల్‌బెల్ట్‌లో (సింగరేణి బొగ్గుబాయిల, అంటే గనుల ప్రాంతంలో) కార్మికుడు పనికి ఫిట్టో కాదో తేల్చే మెడికల్ బోర్డు అనగానే ముందు గుర్తొచ్చేది కొడుకు ఉద్యోగం. తండ్రి అన్‌ఫిట్ అయితే కారుణ్య నియామకం. అందుకే గోదావరిఖనిలోనైనా, మందమర్రిలోనైనా కార్మికుడి ఊపిరితిత్తుల ముచ్చట 'ఫిట్టా, అన్‌ఫిట్టా' దగ్గరే ఆగిపోతుంది. లోపల ఎంత దుమ్ము పేరుకుందో అడిగేవారు తక్కువ.

కఫంలో నల్లగా కనిపించే దుమ్ముతో అంత భయం లేదు, అది బయటికి పోతోంది. భయపడాల్సింది కంటికి ఆనని సన్నటి దుమ్ముకు. సుమారు 5 మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా వెళ్తాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ఆ చోట మచ్చలు కడతాయి. ఇదే న్యుమోకోనియోసిస్. మచ్చలు కలిసి గడ్డలైతే ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. నయం చేసే మందు లేదు. బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. పని మానేశాక కూడా ముదరగలదు.

సింగరేణిలో ఇంకో చిక్కుంది. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయే. గని కప్పు కూలకుండా బిగించే రూఫ్ బోల్టు కోసం కప్పుకు రంధ్రం వేసినా, ఓపెన్‌కాస్టులో (పైనుంచి తవ్వే గనిలో) ఓబీ, అంటే బొగ్గు మీది రాతిపొరను, పేల్చినా లేచేది ఉత్త బొగ్గుపొడి కాదు, సిలికా కలిసిన దుమ్ము. అది బొగ్గుకన్నా చెడ్డది, టీబీ ముప్పునూ పెంచుతుంది. దగ్గు, ఆయాసం టీబీ ఖాతాలో పడిపోతే అసలు కారణం మందుల చీటీలోకే ఎక్కదు. 'ఓపెన్‌కాస్టులో బయటి గాలే కదా' అనేవాళ్లు వేసవి మధ్యాహ్నం డంపర్ వెనకాల నాలుగడుగులు వేసి చూడాలి.

అమెరికా 1969లోనే చట్టం తెచ్చి బొగ్గు దుమ్ముకు కళ్లెం వేసింది. జబ్బు తగ్గింది. తర్వాత పలుచని పొరల కోసం బొగ్గుతో పాటు రాయినీ కోయడం పెరిగింది. 2018లో లెక్క చూస్తే, అక్కడి గనుల ప్రాంతమైన మధ్య అపలాచియాలో 25 ఏళ్లకు పైగా పనిచేసిన గని కార్మికుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరి ఎక్స్‌రేలో ఈ జబ్బు కనిపించింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కథ ఇంకా చేదు. ఈ జబ్బు మా దగ్గర లేదనుకున్నారు. 2015లో మళ్లీ కేసులు బయటపడ్డాక పాత ఎక్స్‌రేలు తిరగేస్తే, అప్పుడే కనిపించాల్సిన మచ్చలు కొన్ని ఫిల్ముల్లో ఉన్నాయి. చదివినవాళ్లకే పట్టుబడలేదు.

కాబట్టి మన దగ్గర కేసులు తక్కువంటే నాకు ధైర్యం కలగదు. కాగితం మీద మనకు లోటు లేదు. న్యుమోకోనియోసిస్ నష్టపరిహారం దక్కే వృత్తి జబ్బుల చట్టబద్ధ జాబితాలో ఉంది, ఉద్యోగంలో ఉన్నవారికి నిర్ణీత కాలానికి పరీక్షలూ ఉన్నాయి. కానీ ఫిల్మును ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ప్రమాణాలతో పోల్చి చదవడం ప్రత్యేక శిక్షణ కావాల్సిన పని. ఒకరు చదివింది చాలదు, ఒకరికి తెలియకుండా ఇంకొకరు చదవాలి. ఎక్స్‌రే బాగున్నా ఊపిరి సామర్థ్యం తగ్గి ఉండొచ్చు గనుక ఊదించి ఊపిరి కొలిచే స్పైరోమెట్రీ కూడా తప్పదు. జబ్బు రిటైర్మెంట్ తర్వాత కూడా ముదరగలదు గనుక పరీక్షలు అక్కడితో ఆగకూడదు. క్వీన్స్‌లాండ్ ఇప్పుడు మాజీ కార్మికులకూ పరీక్షలు చేస్తోంది.

పర్మినెంట్ కార్మికుడికి కనీసం ఒక ఫైలుంది. ఓబీ కాంట్రాక్టులో డ్రిల్లు మీద పనిచేసే కుర్రాడికి కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త గేట్‌పాస్ వస్తుంది. అంతకుముందు అతను మింగిన దుమ్ము లెక్క దానితో పాటు రాదు.