మొలతాడు దాకా సోదా

విమానాశ్రయాల్లో బట్టల కింద దాచినవాటిని పట్టే బాడీ స్కానర్లు పెట్టాలన్న మాట మన దేశంలో ఏళ్లుగా నలుగుతోంది. పౌర విమానయాన భద్రతను చూసే బీసీఏఎస్ 2019 ఏప్రిల్‌లో 84 విమానాశ్రయాల పేర్లు రాసి, ఏడాదిలోగా ఈ యంత్రాలు రావాలని ఆదేశించింది. మరుసటి ఏడాది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ 63 విమానాశ్రయాల కోసం 198 స్కానర్లకు టెండరు పిలిచింది. ఆ జాబితాలో మన తిరుపతి కూడా ఉంది. కరోనాతో గడువులు వెనక్కి పోయినా ఆలోచన మాత్రం పోలేదు. 2025లో ఢిల్లీ విమానాశ్రయంలో ట్రయల్స్‌కు ఏర్పాట్లు చేశారు. యంత్రం రావడానికి మేం వ్యతిరేకం కాదు. కానీ యంత్రం కన్నా ముందు దాని నిబంధనలు రావాలి. అవి ప్రయాణికుడికి అర్థమయ్యే భాషలో, అతడి కంటికి కనబడే చోట ఉండాలి.

తిరుపతి వాళ్లకు సోదా కొత్త కాదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పుడు కూడా ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబునాయుడి కాన్వాయ్‌పై మందుపాతరలు పేలాయి. ఇవాళ కొండెక్కే ప్రతి బండీ అలిపిరి టోల్‌గేట్ దగ్గర ఆగాల్సిందే, జనం దిగాల్సిందే, సంచులు స్కానర్ బెల్టు మీద వెయ్యాల్సిందే. గుడిలోకి పోయేముందు సెల్‌ఫోన్ కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకుంటాం. మెటల్ డిటెక్టర్ దాటుతాం, జేబులు తడిమించుకుంటాం. దళారుల బెడద తగ్గించడానికంటూ 2023 మార్చి 1 నుంచి టీటీడీ ముఖాన్ని గుర్తుపట్టే కెమెరాలు పెడితే, వాటికీ ముఖం చూపించాం. భద్రత అనగానే చిర్రెత్తే ఊరు కాదిది. ఈ ఊరికి కూడా బాడీ స్కానర్ విషయంలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఈ యంత్రం ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. 2009 క్రిస్మస్ రోజున ఆమ్‌స్టర్‌డాం నుంచి డెట్రాయిట్ వెళ్తున్న నార్త్‌వెస్ట్ విమానంలో ఉమర్ ఫరూక్ అబ్దుల్‌ముతల్లబ్ అనే యువకుడు లోదుస్తుల్లో కుట్టుకున్న పేలుడు పదార్థాన్ని అంటించబోయాడు. అది పీఈటీఎన్. అందులో లోహం లేదు కాబట్టి మెటల్ డిటెక్టర్ కూయదు. తోటి ప్రయాణికులు పట్టుకోబట్టి విమానం దక్కింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే అమెరికా వందల బాడీ స్కానర్లు దించింది. లోహం ఉన్నా లేకపోయినా ఒంటిమీద ఏదైనా దాచారా అన్నది ఇది చూపిస్తుంది. ఆ లెక్కన అవసరం నిజమే.

గోల మొదలైంది ఆ యంత్రం చూపించిన బొమ్మతో. అప్పట్లో కొన్ని స్కానర్లు తక్కువ మోతాదు ఎక్స్‌రేతో పనిచేసేవి, కొన్ని మిల్లీమీటర్ తరంగాలతో, అంటే ఒక రకం రేడియో తరంగాలతో. ఏదైనా సరే, తెరమీద బట్టల్లేని ఒళ్లే కనబడేది. పక్క గదిలో కూర్చున్న ఉద్యోగి దాన్ని చూసి సరే అంటే మనం ముందుకు కదలాలి. బొమ్మలు దాచం, దాచే వీలే లేదు అని అమెరికా అధికారులు ఢంకా బజాయించారు. పౌర హక్కుల సంస్థలు సమాచార చట్టం కింద కాగితాలు బయటికి లాగితే అసలు సంగతి తెలిసింది. పరీక్షల కోసమంటూ బొమ్మలు దాచే, పంపే సౌకర్యం ఉండాలని యంత్రం కొనుగోలు షరతుల్లోనే రాసుకున్నారు. 2010లో ఇంకోటి బయటపడింది. ఫ్లోరిడాలోని ఒక కోర్టు భవనం ముంగిట పెట్టిన స్కానర్‌లో దాదాపు 35 వేల బొమ్మలు దాచి ఉన్నాయి. అది విమానాశ్రయం కాదు, నిజమే. ఆ బొమ్మల్లో ముఖాలు పోల్చుకునేంత స్పష్టత లేదు, అదీ నిజమే. అయినా దాచబోమన్న మాటకు ఉన్న విలువ ఎంతో జనానికి తెలిసిపోయింది.

ఒత్తిడి పెరిగాక సాఫ్ట్‌వేర్ మారింది. ఇప్పుడు తెరమీద ఒళ్లు కనబడదు. పిల్లలు పలకమీద గీసే మనిషి బొమ్మ లాంటిది ఒకటి వస్తుంది. అనుమానం ఉన్న చోట దానిమీద ఒక గడి వెలుగుతుంది, సిబ్బంది అక్కడ మాత్రమే తడుముతారు. ఈ మార్పుకు లొంగని ఎక్స్‌రే యంత్రాలను అమెరికా 2013 కల్లా తీసేసింది. ఐరోపా యూనియన్ 2011 నవంబరులోనే ఎక్స్‌రే స్కానర్లు వద్దంది. బొమ్మలు దాచకూడదనీ, బొమ్మ చూసే మనిషికి ప్రయాణికుడు కనబడకూడదనీ, స్కానర్ ఇష్టం లేనివాళ్లకు వేరే రకం తనిఖీ ఉండాలనీ నిబంధనల్లో రాసి పెట్టింది. ఇవి ఎవరి దయ వల్లో వచ్చినవి కావు. ఐరోపా పార్లమెంటు 2008లోనే మొండికేసింది కాబట్టి వచ్చాయి.

మన దగ్గర కూడా బీసీఏఎస్ మిల్లీమీటర్ తరంగాల యంత్రాలే అంది. వీటిలో ఎక్స్‌రే ఉండదు కాబట్టి రేడియేషన్ టెన్షన్ అక్కర్లేదు. మిగిలినవి మాత్రం అంత తేలిగ్గా తెగేవి కావు.

తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటలో, అక్కడి క్యూలో ఎవరుంటారో ఒక్కసారి చూడండి. దర్శనం చేసుకుని, గుండు మీద చందనం ఇంకా ఆరకుండానే తిరుగు విమానానికి వచ్చిన కుటుంబాలు. పట్టుచీర కుచ్చిళ్లలో అవ్వలు, పంచెకట్టులో తాతలు. తాళిబొట్టు, మెట్టెలు, జబ్బకు తాయెత్తు, నడుముకు మొలతాడు. వెండి మొలతాడైతే ఇప్పుడున్న డిటెక్టరే కూస్తుంది. దారం మొలతాడు దానికి తెలియదు, కొత్త యంత్రం దాన్నీ వదలదు. గుడ్డ మడతను కూడా ఇది అనుమానించగలదు. జర్మనీ వాళ్లు హాంబర్గ్ విమానాశ్రయంలో పది నెలలు పరీక్షించారు, దాదాపు 8 లక్షల మంది వీటిలోంచి నడిచారు. బట్టల మడతలకే ఉత్తుత్తి అలారాలు మోగుతున్నాయని తేలి, 2011లో అప్పటికి వద్దనుకున్నారు. కోట్లూ ప్యాంట్లూ తొడిగే దేశంలోనే అలా ఉంటే, ఆరు గజాల చీరకు ఎన్ని గడులు వెలుగుతాయి? ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ మెరుగుపడిందని కంపెనీలు అంటాయి. అనొచ్చు. అయితే మన చీర మీద, మన పంచె మీద పరీక్షించి, ఎంతమందికి ఉత్తినే మోగిందో లెక్క బయటపెట్టండి. మోగిన ప్రతిసారీ ఒక ఆడమనిషిని నడుము దగ్గరో గుండె దగ్గరో తడమాల్సి వస్తే, తడమడం తగ్గించడానికే ఈ యంత్రం అన్న మాట గాలికి పోయినట్టే.

ఇక ఒంటి గుట్టు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినామె లోపల పెట్టుకున్న ప్యాడ్, పేగు ఆపరేషన్ అయినాయన పొట్టకు కట్టుకున్న సంచి, కట్టుడు కాలు. ఇంట్లో కోడలికి కూడా చెప్పుకోనివి క్యూలో పదిమంది ముందు బయటపడతాయి. 2021 అక్టోబరులో నర్తకి సుధాచంద్రన్ వెళ్లిన ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పమంటున్నారని ప్రధానికి వీడియోలో మొరపెట్టుకున్నారు. విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. ఆమె పేరున్న కళాకారిణి కాబట్టి క్షమాపణ వచ్చింది. రాయచోటి నుంచో రాజంపేట నుంచో కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడకూతురికి ఆ కాలే ఉంటే ఎవరు వింటారు? హిందీలో ‘హాథ్ ఊపర్’ (చేతులు పైకి) అంటే ఏమిటో తెలియక ఆమె బిక్కమొహం వేసుకుని నిలబడితే, వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. నిజానికి విప్పాల్సిన పని లేకుండా చూడగలిగితే, ఇలాంటి వాళ్లకే ఈ స్కానర్ ఎక్కువ మేలు చేస్తుంది. అది జరగాలంటే మోగిన తర్వాత ఏం చెయ్యాలో సిబ్బందికి నేర్పాలి, చాటు గది ఉండాలి. యంత్రానికి డబ్బులు పెట్టి గదికి పెట్టకపోతే ఉపయోగం లేదు.

చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. ప్రభుత్వం ఆ హక్కులో వేలు పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరానికి మించకూడదు. 2023లో డేటా రక్షణ చట్టమూ వచ్చింది. కానీ దేశ భద్రత పేరు చెప్పి కేంద్రం తనకు కావాల్సిన సంస్థలను దాని పరిధి నుంచి తప్పించుకునే వెసులుబాటు అందులోనే ఉంది. విమానాశ్రయ భద్రత సర్క్యులర్లు చాలావరకు మామూలు జనం చేతికి రావు. బాంబును ఎలా పట్టుకుంటారో రహస్యంగా ఉంచండి, ఎవరూ కాదనరు. నా బొమ్మ ఎంతసేపు ఉంచుతారన్నది రహస్యం కావాల్సిన పనేముంది?

ఈ సందర్భంలో ఒక సంగతి చెప్పకుండా ఉండలేం. ఎక్కేముందు తనిఖీ లేకుండా లోపలికి పోయే ప్రముఖుల జాబితా ఒకటుంది. రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, ముఖ్యమంత్రులు, కేంద్ర మంత్రులు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, దలైలామా దాకా అందులో ఉన్నారు. కొందరిని తనిఖీ చెయ్యక్కర్లేదన్నది మర్యాదే అనుకుందాం. కానీ చేతులెత్తి ఆ గాజు గదిలో నిలబడటం ఎలా ఉంటుందో తెలియని వాళ్లే దాని నిబంధనలు రాస్తున్నారు. వీఐపీ బ్రేక్ దర్శనాల ఊళ్లో ఉన్న మాకు ఇది బాగా తెలిసిన వ్యవహారం. యంత్రం పెట్టిన రోజున ముందుగా మంత్రీ, ఎంపీ, ఎమ్మెల్యే అందులోంచి నడవాలి. రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగి పక్క దారిలో పోవడం కాదు.

యంత్రం వస్తే అన్నీ చక్కబడతాయనుకోవడం కూడా తప్పే. స్కానర్లు విరివిగా ఉన్న అమెరికాలో 2015లో ప్రభుత్వ సిబ్బందే మారువేషాల్లో 70 సార్లు పరీక్షిస్తే, 67 సార్లు నకిలీ బాంబులో ఆయుధాలో లోపలికి చేరిపోయాయి. చివరికి పట్టుకోవాల్సింది నిద్రమత్తు లేని, శిక్షణ ఉన్న మనిషే. అయిదారు గంటలు కదలకుండా నిలబడే కానిస్టేబుల్ డ్యూటీ గంటల గురించి కూడా ఎవరైనా టెండరు పిలిస్తే బాగుండు.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతిలో ఉంది. ఆయనను మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. రేణిగుంటలో స్కానర్ ముందు తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషుల్లో ఒక బోర్డు పెట్టించండి. తెరమీద కనబడేది గీత బొమ్మే అని, దాన్ని దాచడం లేదని, స్కానర్ వద్దనుకుంటే చేత్తో తనిఖీ కోరవచ్చని, ఆడవాళ్లను ఆడవాళ్లే చాటు గదిలో చూస్తారని అందులో రాయించండి. ట్రాన్స్‌జెండర్ ప్రయాణికులు ఎవరి చేత తనిఖీ చేయించుకోవాలో వాళ్లే చెప్పవచ్చని కూడా. కింద ఫిర్యాదుకు ఒక ఫోన్ నంబరు, ఎత్తే మనిషి ఉన్న నంబరు. ఆ బోర్డులోని ప్రతి మాటకూ వెనక ఒక నిబంధన ఉండాలి, దాన్ని ఏటా బయటివాళ్లు ఆడిట్ చెయ్యాలి. యంత్రం ఆన్ చేసే తేదీ ఖరారు చేసేముందు ఈ పని పూర్తి కావాలి.