నత్తల మీద ఉప్పు చల్లకండి

పెరట్లోకి ఆఫ్రికా నత్తలు వస్తే ఉప్పు చల్లమని మీ వ్యాసంలో రాశారు. దయచేసి ఆ ఒక్క వాక్యం మార్చండి. మాది గుంటూరు. పోయిన వానాకాలం నేనూ అదే పని చేశాను. నత్తలు చచ్చాయి కానీ, గోడవారగా పోసిన బంతి నారు మొత్తం మాడిపోయింది. ఆ మట్టిలో తర్వాత ఏదీ సరిగ్గా రాలేదు.

మా బొప్పాయి చెట్టు మొదట్లో తెల్లారుజామున టార్చి వేస్తే పది పన్నెండు కనిపించేవి. కొస తేలిన పొడుగాటి గుల్ల, గోధుమరంగు మీద నిలువు చారలు. కొన్ని సున్నం వేసిన ప్రహరీకి కరుచుకుని ఉండేవి. తడి కోసం అనుకున్నాను. గుల్ల పెరగడానికి కాల్షియం కావాలి కాబట్టి సున్నాన్నే గీరి తింటాయని తర్వాత తెలిసింది. ఎండాకాలంలో గుల్ల మూతికి పొర కట్టుకుని నెలల తరబడి కదలవు. ఖాళీ గుల్ల అనుకుని పిల్లలు చేత్తో తీస్తే నాకు టెన్షన్. వీటిలో ఎలుకల ఊపిరితిత్తుల పురుగు ఉండొచ్చు, అది మనిషికి సోకితే మెదడు పొరలు వాస్తాయి.

1847లో బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన జీవి ఇది. ఒక్క విడతలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. మట్టి తవ్వినప్పుడు మినపగింజంత లేత పసుపు గుడ్లు కుప్పగా కనిపిస్తే వదలకండి.

సాయంత్రం తడి గోనెసంచి పరిచి, కింద బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టండి. పొద్దున్నే చేతికి గ్లవ్స్ వేసుకుని ఏరి, బకెట్‌లో ఉప్పునీళ్లలో వేయండి. ఆ నీళ్లు మాత్రం మొక్కలకు పోయొద్దు.