మిల్లార్డ్ ఫుల్లర్ వదులుకున్నది సరే, వదలనిది చూడండి

అమెరికాకు చెందిన మిల్లార్డ్ ఫుల్లర్ గురించి ఎవరు రాసినా ఒకే కథ. 29 ఏళ్లకే మిలియనీర్ అయ్యారు, 1965లో భార్య లిండా ఇల్లు విడిచి వెళ్లారు, మళ్లీ కలిశాక ఇద్దరూ ఆస్తంతా అమ్మి దానం చేశారు. చదివినవాళ్లు ‘ఎంత గొప్ప మనసో’ అని దండం పెట్టేసి వెళ్లిపోతారు. నాకు ఇది మింగుడు పడదు. ఆస్తి పంచిపెట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పేదలకు ఇళ్లు కట్టేందుకు ఆయన మొదలుపెట్టిన సంస్థ హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ 2005 నాటికి సుమారు 2 లక్షల ఇళ్లు కట్టింది. అన్ని ఇళ్లు ఒక్కడి దానంతో లేవవు. ఆయన డబ్బు వదిలేశారు గానీ, వ్యాపారంలో అబ్బిన పనితనాన్ని వదల్లేదు.

ఆ వ్యాపారం ఏమిటో చూడండి. అలబామా యూనివర్సిటీలో లా చదువుతూనే మోరిస్ డీస్ అనే మిత్రుడితో కలిసి మొదలుపెట్టారు. మీ పిల్లల పుట్టినరోజుకి హాస్టల్‌కి కేకు చేరుస్తామని తల్లిదండ్రులకు ఉత్తరాలు రాసేవాళ్లు. తర్వాత ట్రాక్టర్ సీటు మీద వేసుకునే మెత్తలు, ఆ తర్వాత హోం సైన్స్ టీచర్ల దగ్గర వంటకాలు సేకరించి అచ్చేసిన పుస్తకాలు. మెత్తల్ని ఊరూరా ఉన్న రైతుబిడ్డల విద్యార్థి సంఘాలు అమ్మి, వచ్చిన లాభంలో తమ వాటా తాము ఉంచుకునేవి. పోస్టులో వెళ్లే ఉత్తరం, ఊళ్లో ఉన్న సంఘం. హ్యాబిటాట్ కూడా ఈ రెండు కాళ్ల మీదే నడిచింది.

జార్జియా రాష్ట్రంలో అమెరికస్ ఊరి దగ్గర కొయినోనియా అనే పొలం ఉంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి బతకాలని 1942లో క్లారెన్స్ జోర్డన్ వాళ్లు మొదలుపెట్టింది. 1968లో ఫుల్లర్, జోర్డన్ అక్కడే కూర్చుని లెక్క వేశారు: పేద కుటుంబాల ఇళ్లకు అరెకరం చొప్పున 42 స్థలాలు, లాభం లేదు, వడ్డీ లేదు, కానీ అసలు మాత్రం కట్టాల్సిందే. కట్టిన వాయిదాలన్నీ ఒకే నిధిలో పడి తర్వాతి ఇంటికి వెళ్తాయి. మొదటి ఇల్లు పూర్తికాకముందే 1969లో జోర్డన్ పోయారు. ఫుల్లర్ దంపతులు 1973 నుంచి మూడేళ్లు ఆఫ్రికాలోని జైర్ (నేటి డి.ఆర్. కాంగో) దేశంలో ఎంబండకా అనే ఊళ్లో ఇదే పద్ధతిని పరీక్షించి, తిరిగొచ్చి 1976లో హ్యాబిటాట్ పెట్టారు.

ఈ నిధి సంగతి మన రూపాయల్లో చూద్దాం. ఇంటికి 6 లక్షలు, పదేళ్ల గడువు అనుకోండి. వడ్డీ లేకపోతే నెలకు 5,000. అదే 9 శాతం వడ్డీకైతే సుమారు 7,600, పదేళ్లకు 9 లక్షలు దాటుతుంది. కూలిపని చేసే కుటుంబానికి నెలకు ఆ 2,600 తేడాయే పిల్లల బడి ఫీజు. ఇప్పుడు ఒక ట్రస్టు పది ఇళ్లు ఇచ్చిందనుకోండి. నెలకు 50,000 తిరిగొస్తుంది, ఏడాదికి 6 లక్షలు. అంటే కొత్త చందా పైసా రాకపోయినా ఏటా ఒక కొత్త ఇల్లు లేస్తుంది. ఆ పదిమందిలో ముగ్గురు ఆపేస్తే నెలకు 35,000 మిగులుతుంది, అదే ఇంటికి 17 నెలలు దాటుతుంది. ఎగ్గొట్టినవాడు ట్రస్టుని ముంచడం లేదు, వరసలో తర్వాత ఉన్న కుటుంబం ఇంటిని ఆపుతున్నాడు. ఈ సంగతి మొదటి రోజే ముఖాముఖి చెప్పాలి.

ఇందులో ఒక చిల్లు కూడా ఉంది, దాచకూడదు. వడ్డీ లేదు కాబట్టి నిధి ధరలతో పాటు పెరగదు. ఖర్చు ఏటా 6 శాతం పెరిగితే నేటి 6 లక్షల ఇల్లు పదేళ్ల తర్వాత 10.7 లక్షలు. తిరిగొచ్చేది మాత్రం అదే 6. అందుకే చందాల ఉత్తరాలు ఎప్పటికీ ఆగకూడదు. ఇక్కడే ఫుల్లర్‌లోని అమ్మకందారు పనికొచ్చాడు. పక్క ఊరు ప్లెయిన్స్‌లో ఉండే మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ దగ్గరికి 1984లో 15 పనుల జాబితా పట్టుకెళ్లారు. బోర్డులో చేరడం, చందాల ఉత్తరం, ఒక రోజు పనిలోకి దిగడం... కార్టర్ అన్నింటికీ ఒప్పుకున్నారు. ‘మీ ఆశీస్సులు కావాలి’ అని వెళ్లి ఫొటో దిగి వచ్చేవాళ్లు ఈ జాబితా చూసి నేర్చుకోవాలి.

కుటుంబాన్ని ఎంచడానికి హ్యాబిటాట్ చూసేవి మూడే: ఇల్లు నిజంగా అవసరమా, వాయిదా కట్టగలరా, పనికి వస్తారా. మూడోది నామమాత్రం కాదు, వందల గంటల ఒంటి కష్టం. స్లాబ్ సంగతే తీసుకోండి. పోసిన మర్నాడు మళ్లు కట్టి కనీసం వారం పది రోజులు నీళ్లు నిలపాలి. మేస్త్రీ పక్క పనికి వెళ్లిపోతాడు, ఆదివారం ఎవరూ రారు, మధ్యాహ్నానికి మడి ఎండిపోతుంది, రెండో వానాకాలానికి నెర్రెల్లోంచి కారుతుంది. ఆ కప్పు కింద పడుకోబోయే మనిషైతే పొద్దునా సాయంత్రం బిందె ఎత్తుకుని మెట్లెక్కుతారు. వైరింగ్, ప్లంబింగ్ మాత్రం తెలిసినవాళ్లకే వదలాలి. ఉత్సాహంతో వచ్చిన వాలంటీర్ చేత స్విచ్ బోర్డు పెట్టించడం ప్రాణాలతో చెలగాటం.

హ్యాబిటాట్ భారతదేశంలో అడుగుపెట్టింది 1983లో, మన ఖమ్మంలో. ‘మనవాళ్లు తిరిగి కట్టరు’ అనేవాళ్లు మన ఊళ్లలో డ్వాక్రా పుస్తకాలు ఒకసారి తిరగేయండి.

2005 జనవరిలో ఫుల్లర్ దంపతులను బోర్డు తొలగించింది. ఒక మాజీ ఉద్యోగిని అనుచిత ప్రవర్తన ఆరోపణ చేశారు, ఆయన కాదన్నారు, తగిన ఆధారం లేదని బోర్డు తేల్చింది. కానీ పగ్గాలు ఎవరికి, ఎప్పుడు అన్న తగవు ముదిరి అక్కడికి వచ్చింది. ఎవరిది తప్పయినా, ఇరవై తొమ్మిదేళ్ల సంస్థలో వ్యవస్థాపకుడు దిగే పద్ధతి మీద తగవు అంతదాకా రావడం పెద్ద లోపం. ఇది ఎవరూ చెప్పరు. ట్రస్టు పెట్టిన రోజే పదవీకాలం, వారసత్వం, ఫిర్యాదు వస్తే విచారించే బయటి మనిషి, ఈ మూడూ కాగితం మీద పెట్టండి.

అదే ఏడాది, 70 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ కొయినోనియా నుంచే ఫుల్లర్ సెంటర్ ఫర్ హౌసింగ్ మొదలుపెట్టారు. అందులో చిన్న మరమ్మతులకు తాకట్టు లేదు, వడ్డీ లేదు, నెలకు ఎంత కడతారో ఆ కుటుంబమే చెబుతుంది. 2009 ఫిబ్రవరి 3న పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు.

ఇళ్లు కట్టించే మన ట్రస్టులకు నా మాట ఒకటే. తాళాలు అందిస్తున్న ఫొటో పెట్టినప్పుడల్లా, కింద రెండు అంకెలు కూడా వేయండి: ఈ నెల ఎన్ని వాయిదాలు తిరిగొచ్చాయి, ఆ డబ్బుతో ఎన్ని పునాదులు తీశారు.