నలభై అంటూనే నలభై ఆరు ఎందుకు?

క్రైస్తవ సంఘం పాటించే కాలాల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలం (లెంట్) అంటే నలభై రోజులు మాంసం మానేయడమే అన్నట్టు రాశారు అందులో. అంతే అయితే మా నల్లగొండలో చికెన్ సెంటర్లకు తప్ప ఎవరికీ ఫరక్ పడదు. నుదుట బూడిద పెట్టుకుని శ్రమకాలం మొదలుపెట్టే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా లెక్కపెట్టి చూడండి, 46 రోజులు వస్తాయి. మధ్యలో ఆరు ఆదివారాలను ఉపవాసంలో కలపరు. ప్రతి ఆదివారం పునరుత్థాన దినమే కదా! పశ్చాత్తాపంలో మునిగి ఉన్నా వారానికోసారి తల ఎత్తి నిరీక్షణ వైపు చూడమనే ఏర్పాటు అది. ఆ సంగతి వ్యాసంలో లేకపోవడం లోటే.

క్రిస్మస్ ముందటి ఆగమన కాలం (అడ్వెంట్) గురించి మాత్రం బాగా రాశారు. కాకపోతే డిసెంబరు రాకముందే స్టార్ కట్టి సెమీ క్రిస్మస్‌లు పెట్టుకునే మనకు ఆ నాలుగు ఆదివారాల ఎదురుచూపు ఎక్కడ మిగిలింది?

1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు తదితరులు కలిసి ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పెరిగాం కాబట్టి మాకు ఈ కాలాలు అలవాటే. ఈ కాలాలు అలవాటు లేని పాలమూరు ఎంబీ (మెన్నొనైట్ బ్రదరెన్) చర్చి నుంచి వచ్చిన మా వదిన మాత్రం, "బూడిద పెట్టుకుంటే పాపం పోతదా?" అని గట్టిగానే అడిగేది. పోదు. భస్మ బుధవారం చదివే బైబిల్లోని యోవేలు గ్రంథ భాగమే బట్టలు కాదు, హృదయాలు చింపుకోమంటుంది. పోయినేటి మట్టలు కాల్చే ఆ బూడిద చేస్తారని తెలిశాక, ఈస్టర్‌కు వారం ముందటి మట్టల ఆదివారం నాటి ఈత మట్టల్లో ఒక్కటీ పారేయనివ్వదు ఇప్పుడు.

ఈస్టర్ ముందటి ఆ పరిశుద్ధ శనివారం గురించి కూడా రాయండి సార్, దాన్ని అందరూ దాటేస్తున్నారు.