కంటి నరానికి 5 మిల్లీమీటర్ల జోస్యం

ఈ వారంలో ఇది నాలుగోసారి. ముందు మా కాలేజీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, మొన్న రాత్రి మా పిన్ని పంపింది, నిన్న పొద్దున్నే మళ్ళీ పిన్నే, "రాత్రి పంపింది చూశావా" అని. మీక్కూడా వచ్చే ఉంటుంది. "సర్వేంద్రియాణాం నయనం ప్రధానం" అని మొదలవుతుంది. కంటి నరం వాపుని అయిదు నిమిషాల అల్ట్రాసౌండ్‌తో పట్టేయొచ్చంట, నరం 5 మిల్లీమీటర్లు దాటితే వాపేనంట, దాటకపోతే హాయిగా పడుకోవచ్చంట, ఎమ్మారై అంతా రేడియేషన్, డబ్బు గుంజడం తప్ప ఇంకేం లేదంట, వాపుంటే వారం రోజులు స్టీరాయిడ్ మాత్రలు వేసుకుని క్యారెట్ రసం తాగితే సరిపోతుందంట. పది మందికి పంపాలంట.

నేను ఆప్టోమెట్రిస్టుని. కంటి మీద ఆ అల్ట్రాసౌండ్, అదే బి-స్కాన్, రోజూ చేసే పని నాదే. ఈ మెసేజ్ నిజమైతే లాభపడేది మేమే. అయినా రాస్తున్నానంటే ఎంత విసుగొచ్చిందో చూడండి.

క్యారెట్ మంచిదే, తినండి, ఈ జబ్బుకీ దానికీ ఏ సంబంధం లేదు. ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు, మీరనుకునేది సీటీ. ఈ రెండూ అయిపోయాయి.

ఇక 5 మిల్లీమీటర్లు. అసలా అంకె నరానిది కాదు, నరం చుట్టూ ఉండే తొడుగుతో కలిపి కొలిచేది, అది కూడా కనుగుడ్డు వెనక 3 మిల్లీమీటర్ల దగ్గర. ఆ కొలత ఎక్కువగా వాడేది కూడా దీనికి కాదు, ఐసీయూల్లో తలలో ప్రెషర్ పెరిగిందా అని చూడ్డానికి. మెదడు చుట్టూ ఉండే నీరే ఈ తొడుగులోకీ వస్తుంది కాబట్టి లోపల ప్రెషర్ పెరిగితే ఇక్కడ ఉబ్బుతుంది. అంటే తొడుగు లావుగా ఉందంటే నరం వాపు కావొచ్చు, తలలో ప్రెషర్ కావొచ్చు, ఇంకేదైనా కావొచ్చు, లావెక్కిందని చెప్తుంది గానీ ఎందుకెక్కిందో చెప్పదు. కన్ను పక్కకి తిప్పించి మళ్ళీ కొలిస్తే అది నీరా కాదా అని కొంత అంచనాకి రావొచ్చు, అది చేతనైనవాళ్ళు చేస్తే. కంటి మీద ఆనించే ప్రోబ్ కాస్త వాలినా, కర్సర్ ఒక గీత అటు పెట్టినా అర మిల్లీమీటరు తేడా ఇట్టే వచ్చేస్తుంది. పొద్దున కాఫీకి ముందొక కొలత, తర్వాతొక కొలత వచ్చే దాన్ని పట్టుకుని 5 దాటితే జబ్బు, దాటకపోతే ఆరోగ్యం అంటే అది వైద్యమా, చిలక జోస్యమా? (ఇంకోటి, కడుపు స్కాన్ చేసే మెషిన్ని అదే సెట్టింగ్‌తో కంటి మీద పెట్టకూడదు, కంటికి పవర్ బాగా తగ్గించిన సెట్టింగ్ వేరే ఉంటుంది.)

సరే, ఇంతవరకు నవ్వుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది తర్వాతి వాక్యానికి, "స్కాన్ నార్మల్ అయితే భయపడక్కర్లేదు". ఇది రాసిన మహానుభావుడెవరో గానీ, కంటి నరం పొడవు దాదాపు 5 సెంటీమీటర్లు సార్. కంటి గూట్లో ఉన్న ముక్క దాటాక అది ఎముకలో ఉన్న సన్న సొరంగంలోంచి తల లోపలికి పోతుంది, అక్కడ రెండో కంటి నరాన్ని కలుస్తుంది. అల్ట్రాసౌండ్ ఎముకని దాటదు. నా ప్రోబ్‌కి కనిపించేది ముందు భాగం, అది కూడా కన్ను సహకరిస్తే. వాపు వెనక భాగంలో ఉంటే నా స్క్రీన్ మీద అంతా నార్మలే, నేను రాసిచ్చే రిపోర్టూ నార్మలే, ఆ మనిషికి మాత్రం కన్ను పోతూ ఉంటుంది. వెనక వైపునే ఎక్కువగా కొట్టే రకం ఒకటుంది, న్యూరోమైలైటిస్ ఆప్టికా అంటారు, దానికి రక్తంలో చూసే యాంటీబాడీని 2004లో కనుక్కున్నారు, మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఎంతో కొంత చూపు తీసుకుపోతుంది, వైద్యం ఆలస్యమైతే పోయిన చూపు వెనక్కి రావడం కష్టం. అలాంటి మనిషికి మీ మెసేజ్ "హాయిగా పడుకో" అని చెప్తోంది. బాగుంది.

కంట్లోకి నేరుగా చూసినా అంతే. ఈ జబ్బొచ్చిన ముగ్గురిలో ఇద్దరికి నరం మొదలు మామూలుగానే కనిపిస్తుంది. మా లైన్లో పాత జోకొకటుంది, పేషెంటుకీ ఏమీ కనపడదు, డాక్టరుకీ ఏమీ కనపడదు అని. అందుకే కాంట్రాస్ట్, అంటే నరానికి ఎక్కించే మందు, ఇచ్చి కంటి గూటికి ఎమ్మారై తీయించమంటారు, మొదటి 20 రోజుల్లో తీస్తే నూటికి 90 మందికి పైగా వాపున్న చోటు వెలుగుతుంది, మెదడులో మచ్చలున్నాయో లేదో కూడా తెలుస్తుంది. 2022లో నిపుణులంతా కూర్చుని ఈ జబ్బు నిర్ధారణకి రూల్స్ రాశారు. అందులో ఓసీటీ ఉంది, అంటే కాంతితో రెటీనా పొరల్ని కొలిచే స్కాన్, ఎమ్మారై ఉంది, యాంటీబాడీల్లాంటి టెస్టులున్నాయి. నా బి-స్కాన్ లేదు. నాకూ బాధే, ఏం చేస్తాం.

స్టీరాయిడ్ మాత్రల సంగతి. ఇది ఎవరో ఊరికే వద్దన్నది కాదు, అమెరికాలో 457 మంది మీద ట్రయల్ చేసి 1992లో చెప్పింది. మామూలు డోసు, అంటే కిలో బరువుకి 1 మిల్లీగ్రాము మాత్రలు మాత్రమే వేసిన వాళ్ళకి జబ్బు తిరగబెట్టడం మిగతా వాళ్ళకంటే దాదాపు రెట్టింపు. మిగతా వాళ్ళంటే ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్ళు కూడా! తర్వాత వచ్చిన పరిశోధనల్లో సెలైన్లో ఎక్కించే దానికి సరిపడా భారీ డోసు మాత్రలైతే పర్లేదని తేలింది, కాబట్టి మీ డాక్టరు అలా రాస్తే ఆయనతో పోట్లాటకి దిగకండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న వారం కోర్సు మాత్రం వేరే విషయం.

"మా బావగారికి ఆ మాత్రలతోనే తగ్గింది" అని మెసేజ్ కింద ఒకాయన పెట్టాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు, అదే ట్రయల్లో ఉత్తుత్తి మాత్ర మింగిన వాళ్ళలోనూ చాలామందికి చూపు తిరిగొచ్చేసింది. అసలు సెలైన్ స్టీరాయిడ్ కూడా ఆ ట్రయల్లో చూసిన మామూలు రకం వాపులో చూపుని త్వరగా తెస్తుంది తప్ప చివరికి మిగిలే చూపులో పెద్ద తేడా ఏం తేలేదు. బావగారిది ఆ రకమై ఉంటుంది. మీది ఏ రకమో ఫార్వర్డ్‌కి ఎలా తెలుస్తుంది?

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ఎమ్మారై ఖర్చు గురించి ఆ మెసేజ్‌లో ఉన్న ఏడుపు నిజమే. కాంట్రాస్ట్‌తో అంటే ఒక కూలీ మనిషికి ఎన్ని రోజుల సంపాదనో నాకు తెలుసు, రేటు విని లేచి వెళ్ళిపోయిన వాళ్ళని చూశా. బి-స్కాన్ కూడా పనికిమాలింది కాదు. నరం మొదలు ఉబ్బినట్టు కనిపిస్తే అది నిజంగా ఉబ్బా, లేక అక్కడ పేరుకునే డ్రూసెన్ అనే సున్నపు గింజలా అన్నది మా స్కాన్‌లో తెల్లగా మెరిసి చాలాసార్లు తేలిపోతుంది, అలా ఎమ్మారై దాకా పోకుండా ఇంటికెళ్ళిన పిల్లలున్నారు. ముదిరిన శుక్లం వెనక రెటీనా ఊడిందా అని చూడాలన్నా మేమే దిక్కు.

కానీ చవక పరీక్షే కావాలంటే స్కాన్ కంటే చవకది ఎప్పట్నుంచో ఉంది. ఒక కన్ను మూసి ఇంకో కంటితో ఎర్ర మూత చూడండి, తర్వాత మార్చి చూడండి. ఒక కంటికి పండుమిరపకాయలా, ఇంకో కంటికి వెలిసిపోయిన ఇటుకలా ఉందా, కన్ను తిప్పితే వెనక నొప్పుందా, రెండు మూడు రోజుల్లో చూపు మసకబారిందా? అయితే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికెళ్ళండి. ఆయన టార్చి ఒక కంటి నుంచి ఇంకో కంటికి మార్చి మార్చి వేస్తాడు, వెలుగు పడ్డప్పుడు చిన్నదవ్వాల్సిన కంటిపాప పెద్దదైతే ఎమ్మారై కంటే ముందే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. రెండు కళ్ళూ సమానంగా దెబ్బతింటే మాత్రం ఇది దొరకదు, టీబీకి ఇథాంబుటాల్ వాడేవాళ్ళు నొప్పి లేకుండా రెండు కళ్ళూ మసకేస్తే ఏ టెస్టూ చేసుకోకుండా ముందు డాక్టరుకి చెప్పండి.

ఇదంతా నిన్న రాత్రి పిన్నికి ఫోన్లో అరగంట చెప్పా. ఓపిగ్గా అంతా విని, "అయితే ఇంతకీ స్కాన్ తీయించుకోవాలా వద్దా?" అంది.

"నీకేమైంది పిన్నీ?"

"నాకేం కాలేదురా, పది మందికి పంపమన్నారు కదా, నువ్వు తొమ్మిదోవాడివి."