దొడ్డుప్పు పోస్తే జుట్టుకు ఎర్ర రంగు ఆగదు

ఓరుగల్లు, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతున్నది. జుట్టుకు ఎర్ర రంగు వేయించుకున్నాక బకెట్ వేడినీళ్లలో గుప్పెడు దొడ్డుప్పు వేసి, రెండు నిమ్మకాయలు పిండి తలకు పోసుకుంటే ఆరు నెలలు రంగు పోదట. షాంపూ మానేసి కుంకుడుకాయలే వాడాలట, నూనె ముట్టొద్దట, రంగు వెలిస్తే ప్యాకెట్ మెహందీ పెట్టుకోవాలట. హనుమకొండలో పార్లర్ నడుపుతున్నదాన్ని. ఇది నమ్మిన ఆడపిల్లల జుట్టు గడ్డిలా అయి నా దగ్గరికి వస్తుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఉప్పు సంగతి. నూలుకు రంగు వేసేవాళ్లు తొట్టిలో ఉప్పు వేయడం నిజమే. కొత్తవాడ దర్రీలు చూస్తూ పెరిగిన మనం ఆ మాట తొందరగా నమ్ముతాం. అక్కడ ఉప్పు నీళ్లలోని రంగును నూలు పట్టుకునేలా చేస్తుంది. కానీ నూలు పత్తి, వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్. పర్మనెంట్ కలర్‌లో అమ్మోనియా వెంట్రుక పైపొరను లేపుతుంది, పెరాక్సైడ్ తగిలాక రంగు లోపలే తయారవుతుంది. ఆ పని అయిపోయాక పైనుంచి పోసిన ఉప్పుకు జుట్టును పొడిబార్చడం తప్ప వేరే పని లేదు.

వేడినీళ్లయితే నేరుగా నష్టమే. తడిస్తే వెంట్రుక ఉబ్బుతుంది, రంగు కొంచెం కొంచెంగా జారిపోతుంది. నీళ్లు వేడిగా ఉంటే మరీ త్వరగా. నిమ్మరసం చాలా పుల్లన, పీహెచ్ సుమారు 2. అది పూసుకుని రామగుండం ఎండలో తిరిగితే ఉన్న రంగు కూడా తేలిపోతుంది. చల్లటి నీళ్లు, తలమీద చున్నీ చాలు.

కుంకుడు రసం కూడా మురికిని వదిలించే నురగే. చెట్టుకు కాసినంత మాత్రాన రంగును తీయకుండా ఉండదు.

నూనె విషయం సగం నిజం. కడిగితే పోయే సెమీ పర్మనెంట్ రంగయితే వేడి నూనె మర్దన దాన్ని లాగేస్తుంది. పర్మనెంట్ రంగయితే తలస్నానానికి ముందు రాసిన కొబ్బరినూనె వెంట్రుక ఉబ్బకుండా కాపాడుతుంది. మా అమ్మల అలవాటును ఊరికే తప్పుపట్టకండి.

పార్లర్‌లో వేసే రంగుల్లో ఆరు నెలలు నిలిచే ఎరుపు అసలు లేదు. రంగుల్లో తొందరగా వెలిసేది అదే, అందుకే మధ్యమధ్యలో నింపుకోవాలి. పెరాక్సైడ్ లేని ఎర్ర సెమీ పర్మనెంట్ రంగును తెల్ల కండిషనర్‌లో కలిపి, గ్లౌజులు వేసుకుని, పది నిమిషాలు ఉంచి కడగండి. తలస్నానం వారానికి రెండుసార్లు మించొద్దు. బోరు నీళ్లలోని సున్నం, ఇనుము జుట్టు మీద పేరుకుని ఎరుపును మసకబారుస్తాయి. చివరి రెండు చెంబులైనా మిషన్ భగీరథ నల్లా నీళ్లు పోసుకోండి.

నాకు అన్నిటికన్నా భయం మెహందీ ప్యాకెట్‌తోనే. అచ్చమైన గోరింటాకులోని లాసోన్ అనే రంగు పదార్థం కెరటిన్‌ను పట్టుకుంటుంది. ఇక కడిగినా పోదు, తర్వాత రంగు మార్చడం కష్టం. కానీ కొన్ని ప్యాకెట్లలో లోహ లవణాలు కలుపుతారు. వాటిమీద పర్మనెంట్ కలర్‌లోని పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోవచ్చు. చాలా నల్ల మెహందీల్లో పీపీడీ అనే రసాయన రంగు ఉంటుంది, పడనివాళ్లకు మాడు, ముఖం వాస్తాయి. చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూడందే వాడొద్దు. ఇప్పటికే పెట్టుకుని ఉంటే, రంగు వేసే అక్కకు దాచకుండా చెప్పి, ఒక చిన్న పాయ మీద పరీక్షించమని అడగండి.