పొగడ్త కన్నా పని ముఖ్యం
రోజూ అద్దం ముందు నిలబడి తనను తాను మెచ్చుకుంటే ఆత్మన్యూనత తొలగిపోతుందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. తన సామర్థ్యంపై మనిషికి నమ్మకం కలగడానికి, స్వయంగా ఒక పని చేసి నెగ్గిన అనుభవమే అన్నిటికంటే బలమైన ఆధారమని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే ప్రతిపాదించారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే నాకు ఇది ఏటా కనిపిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు, జవాబు తెలిసి కూడా, ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందేమోనని చివరి బెంచీలో తల వంచుకుని కూర్చుంటారు. అలాంటి ఒక అమ్మాయికి ల్యాబ్‌లో పనిచేయని పవర్ సప్లై బోర్డును అప్పగిస్తే, మల్టీమీటరుతో ఒక్కొక్క చోటే వోల్టేజి చూసుకుంటూ వెళ్లి, కాలిపోయిన డయోడును తానే పట్టుకుని మార్చింది. ఎవరూ అడగకుండానే తోటివారికి దాన్ని వివరించింది కూడా. మెచ్చుకోళ్లు ఆమెకు అంతకుముందూ దొరికాయి, కానీ వాటిని ఆమె నమ్మలేదు. అయితే పసితనం నుంచి ఇంట్లోనే చిన్నచూపుకు గురైనవారికి ఇలా పని చేసి నెగ్గడం ఒక్కటే చాలదు, వారికి మానసిక నిపుణుల సాయం కూడా అవసరమవుతుంది.